తోక లేని గీత

మా ఊరి మున్సిపాలిటీ నూటికి నూరు శాతం పనిచేస్తుంది. ఈ మాట నేను అనడం లేదు, గీత అంటోంది. కమిషనర్ గది బయట నోటీసు బోర్డు కంటే పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పదకొండు విభాగాలు, పదకొండు గీతలు. ఒక్కొక్కటీ ఎడమ పక్క కింద సున్నా దగ్గర బయల్దేరి, మెట్లు మెట్లుగా ఎక్కి, కుడి పక్క పైన వందకు తగులుతుంది. వందకు తగలని గీత ఒక్కటి చూపించండి, నేను అర్జీలు రాయడం మానేస్తాను.

నేను రాసేది అర్జీలే. ఆఫీసు గేటు పక్కన రేకు టేబుల్ వేసుకుని పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్నాను. ఏడో తరగతిలో బడి మానేశాను. తక్కిన చదువంతా ఆఫీసువాళ్ళు తిప్పికొట్టిన అర్జీల మీద నేర్చుకున్నదే. ఈ గీత కూడా అలాగే నేర్చుకున్నాను.

అంతకుముందు ఆఫీసులో గీతలు లేవు, దిమ్మెలు ఉండేవి. నెలకు ఎన్ని ఫిర్యాదులు తీరాయో అంత ఎత్తు దిమ్మె. దిమ్మెతో చిక్కేమిటంటే అది ఒక నెల పెరుగుతుంది, ఒక నెల తగ్గుతుంది. తగ్గిన నెల జిల్లా సమీక్షలో కమిషనర్ చిత్తరంజన్ గారిని నిలబెట్టి అడిగేవారు. ఆయన నిలబడి నిలబడి విసిగిపోయి, 'డేటా ఆధారిత పాలన' మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక సంచీ, ఒక స్టీలు నీళ్ళ సీసా, ఒక కోరికతో తిరిగి వచ్చారు.

"అమ్మా జరీనా, నాకు పడిపోని గ్రాఫు కావాలి" అన్నారు.

జరీనా ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్. బీఎస్సీ చదివి, ఫోన్లో చూసి పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంది. అందులో లైబ్రరీ అని ఒకటి ఉంటుందట, అంటే ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. అంకెలిచ్చి ఫలానా గీత కావాలంటే గీసిపెడుతుంది. ఆమె మంచి ఉద్దేశంతోనే చేసింది. ఒక్కో ఫిర్యాదు తీరడానికి ఎన్ని రోజులు పట్టిందో ఆ అంకెలన్నీ తీసి, చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టించి, ఫిర్యాదుకొక మెట్టు చొప్పున ఎక్కించింది. సగం జనానికి ఎన్ని రోజుల్లో పని అయింది, ముప్పాతిక మందికి ఎన్ని రోజుల్లో అయింది, అందులో చూడగానే తెలుస్తుంది. దాన్ని సంచిత వితరణ రేఖ అంటారట. పేరుకేం, బాగానే ఉంది.

సమావేశం రోజు నేను కిటికీ అవతల ఉన్నాను. మా ఆఫీసు కిటికీలకు రెక్కలు లేవు కాబట్టి ప్రజలకు పాలన అందుబాటులో ఉంటుంది.

తెర మీద మొదటి గీత పడింది. పారిశుధ్యం. వందకు తగిలింది. రెండోది, వీధి దీపాలు. వందకు తగిలింది. మూడోది, నాలుగోది. ఆరో గీత దగ్గర కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. పదకొండో గీత దగ్గర తెర దాకా నడిచారు.

"అన్నీ వందేనా?"

"సార్, అది..." జరీనా లేచి నిలబడింది. "ఏ అంకెలు వేసినా ఈ గీత వందకే పోతుంది సార్. తీరినవాటిలో అన్నీ తీరినవే కదా. అది మన గొప్ప కాదు, లెక్క అట్లుంటాది."

"ఏ అంకెలు వేసినా?"

"ఏవి వేసినా సార్. మధ్యలో పడిపోవడం కూడా ఉండదు. చూడాల్సింది వందను కాదు సార్, కింద రోజులను..."

కమిషనర్ గారు కింద చూడలేదు. పైనే చూస్తూ ఉండిపోయారు. "పడిపోదు. ఎప్పుడూ వందే. ఇన్నేళ్ళు ఇది ఎక్కడ దాక్కుందమ్మా?" అన్నారు. పదకొండుమంది అధికారులు చప్పట్లు కొట్టారు. నీటి విభాగం ఏఈ కొండయ్య గారు అందరికంటే ఎక్కువసేపు కొట్టారు, ఎందుకంటే ఆయన దిమ్మె అందరికంటే పొట్టిది.

అంతలో కమిషనర్ గారికి ఒక లోపం కనిపించింది. కొన్ని గీతలు చకచకా పైకి పోయి వందకు తగులుతున్నాయి. కొన్ని మాత్రం తొంభై దాకా బాగానే ఎక్కి, తర్వాత కుడి పక్కకు సాగి సాగి, నీరసంగా వందకు చేరుతున్నాయి.

"ఈ సాగేది ఏమిటి?"

"తోక సార్. బాగా ఆలస్యంగా తీరిన ఫిర్యాదులు."

"అసహ్యంగా ఉంది" అన్నారు కమిషనర్ గారు.

మూడో రోజున సర్క్యులర్ వచ్చింది. నాకు కంఠస్థం, ఎందుకంటే ఆ నెలంతా ప్రతి అర్జీ మీదా దాన్నే రాసి తిప్పికొట్టారు. 'విషయం: గీతల వందశాతీకరణ, తోకల నిర్మూలన గురించి. పై విషయమునకు సంబంధించి సమస్త విభాగాధిపతులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ విభాగపు గీతకును తోక ఉండరాదు. తోకకు కారకమగు ఎట్టి పరిష్కారమునైనను చేపట్టిన సిబ్బందిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును.'

దీన్ని చదివి మీరు నవ్వితే నవ్వండి. తొమ్మిదో వార్డు ఓబుళమ్మ నవ్వలేదు.

ఓబుళమ్మకు బొరుగుల బట్టీ ఉంది. యాభై దాటిన మనిషి, బట్టీ సెగకు చేతుల వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయాయి. వాళ్ళ వీధి కొళాయిలో మురుగు కలుస్తోందని ఫిర్యాదు రాసింది నేనే. నంబరు 417. ఆ రోజుకు నూట నలభై ఒక్క దినాలు. దినాలు ఆమె బట్టీ గోడ మీద బొగ్గుతో గీసుకుంటుంది.

"సుంకన్నా, రాప్పా, ఈ పొద్దు లోపలికే పోదాం" అంది. "కోడలికి ఏడో నెల. ఒకతూరి కామెర్లొచ్చి లేచింది. డాక్టరమ్మ ఆ నీళ్ళు ముట్టొద్దనె. రైలు గేటు కాడి బోరు నుంచి రెండు బిందెలు మోసుకొస్తాండా. నా నడుము ఇంగ నాది కాదు."

ఏఈ కొండయ్య గారు చెడ్డ మనిషి కాదు. కూర్చోమన్నారు, టీ తెప్పించారు.

"ఓబుళమ్మా, నీ పైపు యాడ పగిలిందో నాకు తెలుసు. కల్వర్టు కింద. రెండు గంటల పని. మనుషులు ఉన్నారు, పైపు ముక్క గోడౌన్లో ఉంది."

"మరేమొచ్చె సార్?"

"గీత ఒప్పుకోదమ్మా."

ఆయన కాగితం ముందుకు జరిపారు. "చూడు. మా గీత తొమ్మిదో రోజుకే వందకు తగిలింది. ఇప్పుడు నీది చేసినామనుకో, నూట నలభై ఒకటి. అప్పుడు గీత ఇట్ల పోతాది..." ఆయన వేలు కాగితం దాటింది, టేబుల్ మీదికి వచ్చింది, స్టాంపు ప్యాడ్ దాటి ఓబుళమ్మ టీ గ్లాసు దగ్గర ఆగింది. "ఈడిదాకా తోక."

"చేయకపోతే?"

"చేయకపోతే నువ్వు గీతలోనే లేవు. తీరినవాటికే కదా గీత."

ఓబుళమ్మ కాసేపు గ్లాసును, వేలిని మార్చి మార్చి చూసింది. "అంటే సార్, నా పని చేస్తే మీకు చెడ్డపేరు. చేయకపోతే మంచిపేరు."

"నువ్వు తొందరగా పట్టుకుంటివి" అన్నారు కొండయ్య గారు నిజమైన గౌరవంతో. "మా స్టాఫుకు రెండు మీటింగులు పట్టె."

బయటికి వచ్చాక నేను కోడలి పేరు మీద కొత్త ఫిర్యాదు రాశాను. ఈ రోజు తేదీ, సున్నా దినాలు, తోక ఉండదు. కౌంటర్లో గుమాస్తా కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"అదే ఇల్లు, అదే కొళాయి. 417 పెండింగులో ఉంది. కొత్తది తీసుకోదు."

"పాతది కొట్టెయ్యి" అన్నాను.

"రూలు ప్రకారం రెండే దార్లు సుంకన్నా. ఫిర్యాదు తీరాల, లేదంటే అర్జీదారు చనిపోవాల."

"రెండోది నీళ్ళే చూసుకుంటాయిలే" అంది ఓబుళమ్మ. "దానికి నీ కంప్యూటరెందుకు?"

ఆ నెల సమీక్షలో అసలు విప్లవం వచ్చింది. వీధి దీపాల విభాగం గీత తెర మీద పడగానే అందరూ నోరు తెరిచారు. మెట్లు లేవు, వంపు లేదు. సున్నా నుంచి వంద దాకా ఒకే ఒక్క నిలువు గీత. ఎలక్ట్రీషియన్ మద్దిలేటికి నెలంతా జ్వరం. ఒక్క రోజే డ్యూటీకి వచ్చి, ఒక్క ఫిర్యాదు తీర్చి వెళ్ళిపోయాడు. ఒక్క ఫిర్యాదు, ఒక్క రోజు, నూరు శాతం.

"ఇది గీత కాదు" అన్నారు కమిషనర్ గారు, "ధ్వజస్తంభం." మద్దిలేటిని ఇంటి నుంచి పిలిపించి, దుప్పటి కప్పుకుని వచ్చినవాడికి దాని మీదే శాలువా కప్పారు.

ఇక మిగతా పది విభాగాలూ ఊరుకుంటాయా? రెండు ఫిర్యాదులు తీరిస్తే రెండు మెట్లు. మూడు తీరిస్తే మెట్లే మెట్లు. ఒక్కటే తీర్చాలి, అదీ మొదటి రోజే. కాబట్టి విభాగానికొక పెంపుడు ఫిర్యాదు ఏర్పడింది. వీధి దీపాలవాళ్ళు ఆఫీసు వరండా ట్యూబులైటు ఒకటో తారీకు పొద్దున వదులు చేస్తారు, ఫిర్యాదు నమోదవుతుంది, మధ్యాహ్నం బిగిస్తారు, తక్కిన నెల విశ్రాంతి. నీటి విభాగానికి కమిషనర్ గారి క్వార్టర్స్‌లో కారే కొళాయి. కుక్కలు పట్టేవాళ్ళు ఒక గోధుమరంగు కుక్కను సాకారు. ఒకటో తారీకు పదింటికి గేటు దగ్గర వదులుతారు, పదకొండింటికి పట్టుకుంటారు. రెండు నెలలకే అది అలవాటుపడి, పదకొండు కాకముందే తనంతట తానే వ్యానెక్కి కూర్చునేది. మున్సిపల్ ఆసుపత్రిలో పాత దగ్గులు తీసుకోవడం మానేశారు. "ఎన్నాళ్ళ నుంచి దగ్గు?" అంటే "ఈ పొద్దు నుంచే" అని చెప్పడం ముసలివాళ్ళు నేర్చుకున్నారు. చెబుతూ చెబుతూ దగ్గి దొరికిపోయేవారు.

ఊళ్ళో దీపాలు ఆరిపోయాయి, చెత్త పేరుకుంది, పెంపుడు కుక్క తప్ప తక్కిన కుక్కలన్నీ స్వేచ్ఛగా తిరిగాయి. గీతలు మాత్రం పదకొండూ పదకొండు స్తంభాలు. జిల్లా నుంచి అభినందన లేఖ వచ్చింది.

జరీనా మాత్రం చిక్కిపోయింది. ఒక నెలాఖరు సాయంత్రం నా టేబుల్ పక్క టీ బంకు దగ్గర నిలబడి, "సుంకన్న మామా, ఆ గీత నేర్చుకోకపోయినా బాగుండు" అంది. అప్పుడే ఓబుళమ్మ బొరుగుల మూట దింపింది. లోపలికి పోయి కొండయ్య గారి కాళ్ళు పట్టుకోవాలా, గొంతు పట్టుకోవాలా అని అడగడానికి వచ్చింది. కోడలికి తొమ్మిదో నెల పడింది.

"ఏం పాపా, ఆ గీత నాకు అర్థమయ్యేట్టు చెప్పు. నన్ను తినేది ఏందో తెలుసుకుంటా" అంది.

జరీనా ఆలోచించింది. "అవ్వా, బస్సొచ్చి ఆగిందనుకో. ఒకరు దిగితే ఒక మెట్టు. ఇంగొకరు దిగితే ఇంగో మెట్టు. అందరూ దిగినాక చూస్తే, దిగినోళ్ళు నూటికి నూరు మందీ దిగినట్టే. అదే ఆ వంద."

"బస్సెక్కనోళ్ళో?"

"వాళ్ళు లెక్కలో లేరు."

"నేనింగా బస్టాండులోనే ఉండా" అంది ఓబుళమ్మ. కాసిన్ని బొరుగులు నోట్లో వేసుకుని నమిలింది. "సరే. బస్సులో నుంచి ఒక్కరే దిగితే?"

"ఒక్కటే మెట్టు. నిటారుగా లేస్తాది."

"ఆ ఒక్కరు ఎప్పుడు దిగినా?"

జరీనా చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "ఎప్పుడు దిగినా..." అంది నెమ్మదిగా. గ్లాసు కింద పెట్టి ఫోను తీసింది. "నీకు ఇప్పుడు ఎన్ని దినాలవ్వా?"

"రెండొందల రెండు. రేపటికి మూడు."

జరీనా 203 అని ఒక్క అంకె కొట్టి నొక్కింది. ఫోను మీద నిలువు గీత లేచింది. నడిమధ్యలో, నున్నగా, స్తంభంలాగా. తర్వాత 203 చెరిపి 1 కొట్టింది. అదే స్తంభం.

"లైబ్రరీకి రెండూ ఒకటే మామా" అంది. "కాగితాన్ని తానే జరుపుకుని గీతను మధ్యలో నిలబెడతాది. అడుగున మాత్రం చిన్నగా అంకె వేస్తాది."

"మీ సారు అడుగున చూస్తాడా?" అంది ఓబుళమ్మ.

"ఇంతవరకూ చూడలా."

ముగ్గురం లోపలికి వెళ్ళాం. కొండయ్య గారు ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. స్తంభం ఎటు తిప్పినా స్తంభమే.

"తోక రాదు కదా?"

"రాదు సార్. రేపటి నుంచి నెలంతా ఇదొక్కటే చేస్తే" అంది జరీనా.

"మరి కమిషనర్ గారి కొళాయి?"

"కారనీ సార్ ఒక నెల" అన్నాను. "బకెట్ పెట్టుకుంటారు."

కొండయ్య గారు లేచి గోడౌన్ తాళంచెవి తీశారు. ఎన్నాళ్ళ తర్వాతో తన పని తాను చేయబోతున్న మనిషి మొహం ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. మర్నాడు కల్వర్టు కింద తవ్వారు. రెండు గంటల పని అన్నారు కానీ గంటా నలభై నిమిషాల్లో అయిపోయింది. వీధి వీధంతా బిందెలతో నిలబడింది. మొదటి బిందె నల్లగా, రెండోది ఎర్రగా, మూడో బిందె తేటగా. ఓబుళమ్మ దోసిలి పట్టి వాసన చూసి, కోడల్ని పిలిచింది.

ఆ తర్వాతి సోమవారం సమీక్ష. నీటి విభాగం స్తంభం తెర మీద లేచింది. పోయిన నెల స్తంభం కంటే నిటారుగా ఉందని కమిషనర్ గారికి అనిపించిందట. జిల్లా నుంచి వచ్చిన అతిథి కూడా ఉన్నారు కాబట్టి, 'లబ్ధిదారు స్పందన' అని ఓబుళమ్మను పిలిపించారు. కొండయ్య గారికి శాలువా, ఓబుళమ్మకు మైకు.

"అమ్మా, ఫిర్యాదు చేసిన వెంటనే, తక్షణమే, యుద్ధ ప్రాతిపదికన మీ సమస్య పరిష్కారమైంది" అన్నారు కమిషనర్ గారు. "మీ అనుభూతిని రెండు ముక్కల్లో పంచుకోండి."

ఓబుళమ్మ మైకు పట్టుకుంది. ఆమె నమస్కారం పెట్టి దిగిపోవాలని మేం ముందే అనుకున్నాం. కానీ 'వెంటనే' అన్న మాట విన్నాక ఆమె దిగలేదు.

"వెంటనే యాడ సార్? ఆ గీత అడుగున సన్నంగా ఏందో రాసుండారు, సదువుకోండి. రెండొందల మూడు. అవి దినాలు. పొద్దునకు రెండు బిందెలు, మాపుకు రెండు బిందెలు, రెండొందల మూడు దినాలు నేను మోసినా. మాకు అయిపాయ, సంతోషం. మా పక్కవీధి దస్తగిరమ్మ దీపం లేక మెట్టు తప్పి చెయ్యి విరగ్గొట్టుకుండె. ఆమెది తొంభై ఆరు. ఆమెను ఏ నెల దింపుతారు బస్సులో నుంచి?"

కమిషనర్ గారు ఇన్ని నెలల్లో మొదటిసారి గీత అడుగున చూశారు. జిల్లా అతిథి కూడా చూశారు. కొండయ్య గారు శాలువా మెడ దాకా లాక్కున్నారు. చాలాసేపు చూశాక కమిషనర్ గారు జరీనా వైపు తిరిగారు.

"ఆ అంకె ఎవరు వేశారు?"

"లైబ్రరీయే వేసుకుంటాది సార్."

"తీసెయ్యి."

జిల్లా అతిథి తల ఊపి, చాలా ప్రగతిశీలమైన నిర్ణయం అన్నారు. ఆ మధ్యాహ్నమే రెండో సర్క్యులర్ వచ్చింది. 'గీతల అడుగుభాగమున ఎట్టి అంకెలును ఉండరాదు. అంకెల వలన ప్రజలలో అపోహలు తలెత్తుచున్నవి.' జరీనా ఒక్క లైను రాసి అంకెలు మాయం చేసింది. రాస్తూ ఏడ్చిందని మద్దిలేటి చెప్పాడు.

మర్నాడు పొద్దున నేను టేబుల్ వేసుకునేసరికి ఆఫీసు ప్రహరీ గోడ దగ్గర ఓబుళమ్మ ఉంది. చేతిలో బట్టీ బొగ్గు. గోడ మీద మొదట '417, కొళాయి, 203, అయింది' అని రాయించింది, నా చేత. దాని కింద '612, దస్తగిరమ్మ, దీపం, 97'. పదింటికల్లా అక్కడ గుంపు చేరింది. చెత్త, 54. పుట్టిన సర్టిఫికెట్, 310. ఇంటిముందు మురిక్కాలువ, 128. పాత దగ్గు ముసలాయన వచ్చి, ఇక దాచాల్సిన పని లేదు కాబట్టి, దగ్గుకుంటూనే ఆరేళ్ళు అని చెప్పాడు. బొగ్గు అయిపోతే ఓబుళమ్మ ఇంటికి పోయి తట్టెడు తెచ్చింది.

వారం తిరగకుండా కోడలికి ఆడపిల్ల పుట్టింది. తొలి స్నానం ఆ కొళాయి నీళ్ళే. ఆ రోజు కూడా ఓబుళమ్మ గోడ దగ్గరికి రావడం మానలేదు. రోజూ పొద్దున వస్తుంది, పాత అంకె తుడిచి, ఒకటి కలిపి రాయిస్తుంది.

ఆఫీసు ఊరుకోలేదు. నెల ఒకటో తారీకున పారిశుధ్య విభాగం తన పెంపుడు ఫిర్యాదును మార్చుకుంది. 'ప్రహరీ గోడపై అనధికార అంకెలు.' పదింటికి నమోదైంది. మధ్యాహ్నానికి ఇద్దరు మనుషులు వచ్చి, సున్నం బకెట్లు దించి, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా కొట్టేశారు. ఒక్క ఫిర్యాదు, ఒక్క రోజు, నూరు శాతం. స్తంభం లేచింది. పారిశుధ్యానికి శాలువా.

మర్నాడు పొద్దున అంకెలన్నీ గోడ మీద మళ్ళీ ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒకటి పెరిగి. తెల్లటి సున్నం మీద బొగ్గు మునుపటికంటే బాగా కనిపిస్తోంది.